విజ్ఞాన సర్వస్వంలో కవి పరిచయం – లాంగ్‌స్టన్ హ్యూస్ ఉదాహరణ

కవుల జీవితాలను గ్రంథస్థం చేయడం మన కళాశాలలో బోధింపబడే రెండు భాషలకూ కొత్త విద్య కాదు. ఉర్దూ కవులను గూర్చి 'తజ్కిరా' అనే ప్రత్యేక ప్రక్రియయే కలదు. పద్దెనిమిదవ శతాబ్దంలో మీర్ తఖీ మీర్ 'నికాతుష్షుఅరా' వ్రాశాడు. 1880లో ముహమ్మద్ హుసేన్ ఆజాద్ 'ఆబె హయాత్' ప్రకటించాడు. తెలుగులో గురజాడ శ్రీరామమూర్తిగారి 'కవి జీవితములు', కందుకూరి వీరేశలింగం పంతులుగారి 'ఆంధ్ర కవుల చరిత్రము' ఈ కోవలోనివే.

ఆజాద్ వచనం చదువుతూ ఉంటే కవులు కళ్ళముందు నడయాడుతున్నట్లుంటుంది. కాని అందులోని ముచ్చట్లు కొన్ని వాస్తవం కావని తరువాతి పరిశోధకులు తేల్చారు. వీరేశలింగం పంతులుగారు తన గ్రంథాన్ని తానే సవరించి, పెంచి, మరల ప్రకటించారు. కవి చరిత్ర ఒకసారి వ్రాసి ముగించేది కాదని, దిద్దుకొంటూ పోవలసినదని ఈ రెండు గ్రంథాలూ మనకు బోధిస్తున్నవి.

విజ్ఞాన సర్వస్వానికి ఈ ధర్మం మరీ ఎక్కువగా వర్తిస్తుంది. తెలుగులో ఆ మహాకార్యానికి పూనుకొన్న కొమర్రాజు వేంకట లక్ష్మణరావుగారు (1877–1923) మూడు సంపుటాలు వెలువరించి కన్నుమూశారు. అచ్చులో పడిన తప్పు తరువాతి ముద్రణ వరకు తప్పుగానే నిలిచి ఉంటుంది. ఆ తరువాతి ముద్రణ ఎన్నటికీ రాకపోవచ్చును కూడా. 2001 జనవరిలో ఆంగ్లంలోను, 2003 డిసెంబరులో తెలుగులోను ఆరంభమైన వికీపీడియాలో ఈ ఇబ్బంది లేదు. చదివేవాడే అక్కడ దిద్దేవాడు. అంతమాత్రాన దిద్దుబాటు సులువైన పని అనుకోరాదు. దిద్దే అధికారం అందరికీ ఉన్నచోట దిద్దే యోగ్యత ఎట్లా సంపాదించుకోవాలన్నదే నేటి మన పాఠం.

ఈ ఏడు తరగతిలో విద్యార్థులకు ఒక అభ్యాసం ఇచ్చాను. ఆధునిక అమెరికన్ కవి లాంగ్‌స్టన్ హ్యూస్‌ను గూర్చి విజ్ఞాన సర్వస్వంలో చేర్చదగిన పరిచయవ్యాసం తెలుగులో వ్రాయవలసిందని చెప్పాను. రెండు కాగితాలలో మొదటి వాక్యమే పరస్పరం కలహించింది. ఒకరు కవి 1901లో పుట్టాడన్నారు, మరొకరు 1902 అన్నారు. ఇద్దరి చేతిలోను ఆధారగ్రంథం ఉన్నది. "ఏది వ్రాయమంటారు సార్?" అని అడిగారు. ఆ ప్రశ్నకు ఒక్క మాటలో సమాధానం చెప్పడం సాధ్యం కాలేదు. దాని ఫలితమే ఈ వ్యాసం.

కవి ఎవరు?

ముందుగా కవిని స్థూలంగా పరిచయం చేస్తాను. లాంగ్‌స్టన్ హ్యూస్ మిస్సోరీ రాష్ట్రంలోని జాప్లిన్ పట్టణంలో ఒక నల్లజాతి కుటుంబంలో పుట్టాడు. తండ్రి సంసారాన్ని విడిచి మెక్సికో వెళ్ళాడు. తల్లి బ్రతుకుతెరువు కోసం ఊరూరా తిరుగుతూ ఉండగా, బాలుడు కాన్సస్ రాష్ట్రంలోని లారెన్స్‌లో అమ్మమ్మ దగ్గర పెరిగాడు. ఆ అమ్మమ్మ మొదటి భర్త, బానిసత్వానికి వ్యతిరేకంగా జాన్ బ్రౌన్ 1859లో హార్పర్స్ ఫెర్రీపై జరిపిన దాడిలో ప్రాణాలర్పించినవాడు. ఆ కథలు వింటూ పెరిగిన హ్యూస్, 1921 జూన్‌లో 'ది క్రైసిస్' పత్రికలో నదులను గూర్చిన ఒక చిన్న కవితతో సాహిత్యలోకానికి తెలిశాడు. 1926లో మొదటి సంపుటి 'ది వియరీ బ్లూస్' వెలువడింది. న్యూయార్క్‌లోని హార్లెం కేంద్రంగా విరిసిన నల్లజాతి సాహిత్య పునర్వికాసంలో అతడు ప్రముఖుడు. 1967 మే 22న న్యూయార్క్‌లో మరణించాడు.

ఒక సంవత్సరపు తగాదా

హ్యూస్ 1902 ఫిబ్రవరి 1న పుట్టాడని అతని జీవితకాలమంతా, ఆ తరువాత మరి ఐదు దశాబ్దాలు లోకం నమ్మింది. కవి తానే అట్లా చెప్పుకొన్నాడు. ఆర్నాల్డ్ రాంపర్సాడ్ 1986లోను, 1988లోను రెండు సంపుటాలుగా వెలువరించిన ప్రామాణిక జీవితచరిత్ర కూడా ఆ సంవత్సరాన్నే గ్రహించింది. 2002లో అమెరికా తపాలాశాఖ కవి గౌరవార్థం బిళ్ళ విడుదల చేసింది. శతజయంతి సభలు జరిగాయి. ఇంతమంది పెద్దలు ఒక్కమాటగా చెప్పినదానిని ఎవరు సందేహిస్తారు?

సందేహానికి కారణం ఒక చిన్న పత్రికలో దొరికింది. కాన్సస్ రాజధాని టొపీకాలో 'ప్లెయిన్‌డీలర్' అనే నల్లజాతి వారపత్రిక నడిచేది. ఎవరింటికి చుట్టాలు వచ్చారు, ఎవరు ఏ ఊరు వెళ్ళారు, ఎవరికి జబ్బు చేసింది అనే ఇరుగుపొరుగు కబుర్లను అటువంటి పత్రికలు అచ్చువేస్తూ ఉండేవి. టొపీకాలోని వాష్‌బర్న్ విశ్వవిద్యాలయంలో బోధించే కవి ఎరిక్ మెక్‌హెన్రీ ఆ పాత సంచికలు చూస్తూ ఉండగా, 1901 సంవత్సరపు సంచికలలోనే చిన్నారి లాంగ్‌స్టన్ హ్యూస్ ప్రస్తావన కనిపించింది. 1902లో పుట్టవలసిన బిడ్డ 1901 నాటి పత్రికలోకి ఎట్లా వచ్చాడు? ఈ విషయం 2018లో ప్రముఖ పత్రికలకు ఎక్కింది. ఆ తరువాత అనేక ఆధారగ్రంథాలు జననసంవత్సరాన్ని 1901గా సవరించుకొన్నాయి. కొన్ని ఇంకను సవరించుకోలేదు. మా విద్యార్థుల కాగితాలు కలహించడానికి కారణం ఇదే.

కవి అబద్ధమాడాడని దీని అర్థం కాదు. మిస్సోరీ రాష్ట్రమంతటా జననమరణాల నమోదు 1910లో గాని స్థిరపడలేదు. పేదింటి నల్లజాతి బిడ్డ ఎప్పుడు పుట్టాడో చెప్పే ప్రభుత్వపత్రం లేనప్పుడు, తల్లి చెప్పినదే తేదీ, కుటుంబం గుర్తుంచుకొన్నదే సంవత్సరం. ప్రభుత్వం వ్రాసి పెట్టుకొనని దానిని ఆ జాతివారి చిన్న పత్రిక వ్రాసి పెట్టింది.

అయితే పరిచయవ్యాసంలో ఏమి వ్రాయాలి? కేవలం '1901' అని వ్రాసి ఊరుకొంటే, 1902 అని చదువుకొన్న పాఠకుడు దానిని అచ్చుతప్పు అనుకొని మరల వెనుకకు మార్చుతాడు. కనుక '1901 ఫిబ్రవరి 1న జన్మించాడు' అని వ్రాసి, చిరకాలం 1902గా పరిగణింపబడిందని, 1901 నాటి పత్రికా ప్రస్తావనలు బయటపడిన తరువాత ఆ అభిప్రాయం మారిందని ఒక వాక్యంలో తెలపాలి. తేల్చిన విషయంతోపాటు తేలిన విధానాన్ని కూడా చెప్పినప్పుడే సవరణ నిలుస్తుంది.

సనదు లేని మాట

ఈ సూత్రం మన విద్యార్థులలో చాలామందికి వేరొక రూపంలో పరిచితమైనదే. హదీసు శాస్త్రంలో ప్రతి వాక్యానికి ముందు ఇస్నాద్ ఉంటుంది. ఫలానావారు ఫలానావారి వల్ల విన్నారు, వారు ఫలానావారి వల్ల విన్నారు అనే పరంపర అది. మాట ఎంత మధురంగా ఉన్నా పరంపర తెగిపోతే దాని బలం తగ్గుతుంది. చెప్పినవారి జ్ఞాపకశక్తిని, నిజాయితీని, వారు ఒకరినొకరు కలుసుకొన్న అవకాశాన్ని పరిశీలించడానికి 'అస్మావుర్రిజాల్' అనే శాస్త్రమే వెలసింది. విజ్ఞాన సర్వస్వంలో ప్రతి వాక్యం చివర ఆధారం చూపమనే నియమానికీ, దీనికీ స్వభావంలో పోలిక కలదు.

హ్యూస్ విషయంలో మన ముందున్న సాక్షులు మూడు రకాలు. 1940లో అతడు ప్రకటించిన ఆత్మకథ 'ది బిగ్ సీ' ఒకటి. తరువాతి పరిశోధకుల జీవితచరిత్రలు రెండవవి. ఆ కాలపు పత్రికలు, ఉత్తరాలు మూడవవి. ఆత్మకథకు ఆంతరంగిక విషయాలలో విలువ ఎక్కువ. కాని తన పుట్టుకకు ఎవడూ తాను సాక్షి కాలేడు. జీవితచరిత్రకారుడు ఎంత ప్రాజ్ఞుడైనా తనకు లభించిన సాక్ష్యం మేరకే చెప్పగలడు. పత్రికలోని చిన్న కబురు వ్రాసినవానికి ఈ బిడ్డ మహాకవి అవుతాడని తెలియదు. అందుచేత దానిలో కల్పనకు ప్రేరణ లేదు. ఆ కబురుకున్న బలం అక్కడ ఉన్నది.

ఇక్కడ మరొక జాగ్రత్త అవసరం. పాత పత్రికలో మనకే అటువంటి కబురు దొరికిందనుకొందాం. దానిని తిన్నగా విజ్ఞాన సర్వస్వంలో చేర్చవచ్చునా? చేర్చరాదు. స్వంత పరిశోధనను మొదట వేరొకచోట ప్రకటించి, తెలిసినవారి పరీక్షకు నిలబెట్టి, ఆ తరువాతనే సర్వస్వంలోకి తేవాలి. సర్వస్వం సాక్ష్యం చెప్పే బోను కాదు. విచారణ ముగిసిన తరువాత తీర్పును నమోదు చేసే పుస్తకం.

అందమైన కథను ఏమి చేయాలి?

హ్యూస్‌ను గూర్చి ఒక కథ బహుళప్రచారంలో ఉన్నది. 1925 చివర వాషింగ్టన్‌లోని వార్డ్‌మన్ పార్క్ హోటలులో అతడు ఎంగిలి పళ్ళేలు ఎత్తే పనిలో ఉన్నాడు. సుప్రసిద్ధ కవి వేచల్ లిండ్సే ఆ హోటలులో దిగాడు. హ్యూస్ తన కవితలు మూడింటిని ఆయన భోజనపు బల్లమీద పెట్టి మాట్లాడకుండా వెళ్ళిపోయాడు. ఆ రాత్రి సభలో లిండ్సే వాటిని చదివి వినిపించాడు. మరునాటికి పత్రికలవారు హోటలుకు వచ్చారు. లిండ్సే ఒక మహాకవిని కనిపెట్టాడన్నది కథాసారం.

సంఘటన జరిగినమాట నిజమే. 'కనిపెట్టాడు' అన్న మాటతోనే చిక్కు. నదులను గూర్చిన కవిత అచ్చై అప్పటికి నాలుగేళ్ళు గడిచాయి. 1925 మే నెలలో 'ఆపర్చ్యూనిటీ' పత్రిక పోటీలో 'ది వియరీ బ్లూస్' కవితకు ప్రథమ బహుమతి లభించింది. అదే నెలలో కార్ల్ వాన్ వెక్టెన్ చొరవతో క్నాఫ్ సంస్థ అతని మొదటి పుస్తకాన్ని ప్రచురణకు అంగీకరించింది. అనగా లిండ్సే చూచేనాటికి నల్లజాతి పత్రికలు, వాటి సంపాదకులు, వాటి పాఠకులు హ్యూస్‌ను ఏనాడో గుర్తించారు. 'కనిపెట్టాడు' అనడంలో వారందరి కృషి చెరిగిపోతున్నది.

అయితే కథను తీసివేయాలా? అక్కరలేదు. దాని కాలక్రమంలో దానిని కూర్చోబెడితే చాలు. 1921 నాటి కవిత, 1925 మే నాటి బహుమతి, ప్రచురణ ఒప్పందం, ఆ తరువాత లిండ్సే సభ అని వరుసగా చెబితే కథ అందమూ చెడదు, సత్యమూ చెడదు. ఒక్క విశేషణం వాడకుండా, ఎవరినీ ఖండించకుండా, కేవలం తేదీల క్రమం వల్ల అపోహ తొలగిపోతుంది. విద్యార్థులు ఈ ఉపాయం గుర్తుంచుకోదగినది.

పొగడ్త వేరు, వివరణ వేరు

మా తరగతి కాగితాలలో 'మహాకవి', 'యుగకర్త', 'అమృతతుల్యమైన శైలి' వంటి మాటలు విరివిగా దొర్లాయి. సన్మానపత్రానికి ఇవి శోభనిస్తాయి. సర్వస్వంలో ఇవి పాఠకునికి ఏమీ చెప్పవు. హ్యూస్ గొప్పవాడనే బదులు అతడేమి చేశాడో చెప్పాలి.

అతడు చేసిన పనులలో ముఖ్యమైనది బ్లూస్ పాటల కట్టడను అచ్చు కవిత్వంలోకి తేవడం. బ్లూస్ చరణానికి మూడు పాదాలు. మొదటి పాదంలో పాడేవాడు తన కష్టం చెబుతాడు. రెండవ పాదంలో దానినే కొద్ది మార్పుతో మరల పలుకుతాడు. మూడవ పాదంలో ఆ కష్టానికొక ముగింపో, చమత్కారమో ప్రాసతో వచ్చి పడుతుంది. ముషాయిరాలో మొదటి మిస్రాను రెండుసార్లు విని, రెండవ మిస్రా కోసం ఊపిరి బిగబట్టిన అనుభవం ఉన్నవారికి ఈ పునరుక్తిలోని మర్మం వేరే చెప్పనక్కరలేదు. హ్యూస్ ఈ మూడు పాదాలను తరచు ఆరు పంక్తులుగా విడదీసి అచ్చువేశాడు. 1951లో వచ్చిన 'మాంటేజ్ ఆఫ్ ఎ డ్రీమ్ డిఫర్డ్' నాటికి, ఆ కాలపు కొత్త జాజ్ సంగీతమైన బీబాప్‌లోని తెగిన లయలను కావ్యనిర్మాణానికి వాడుకొన్నాడు. 1943 నుండి 'షికాగో డిఫెండర్' పత్రికలో సింపుల్ అనే సామాన్యుని పాత్ర ద్వారా హాస్యకథనాలు నడిపాడు. గార్సియా లోర్కాను, గాబ్రియేలా మిస్ట్రాల్‌ను ఆంగ్లంలోకి అనువదించాడు. ఇట్లా చెప్పినప్పుడు గొప్పవాడన్న నిర్ణయానికి పాఠకుడు తానే వస్తాడు.

రెండు పక్షాలు

కవిని ప్రేమించేవాడు అతని మీద వచ్చిన విమర్శను దాచబోతాడు. ద్వేషించేవాడు దానినే పతాకశీర్షిక చేస్తాడు. సర్వస్వకర్త ఈ రెండింటికీ దూరంగా ఉండాలి.

1927లో 'ఫైన్ క్లోద్స్ టు ది జ్యూ' అనే సంపుటి వెలువడినప్పుడు దానిని తీవ్రంగా నిందించినవి నల్లజాతి పత్రికలే. కూలివాళ్ళను, తాగుబోతులను, వెలయాండ్రను కవితలకెక్కించి జాతి పరువు తీశాడని వారి బాధ. వారి బాధకు కారణం లేకపోలేదు. ద్వేషించే లోకం ముందు తమవారు మర్యాదగా కనిపించాలని ఏ అల్పసంఖ్యాక వర్గమైనా కోరుకుంటుంది. హ్యూస్ తన పక్షాన్ని ముందే, 1926 జూన్‌లో 'ది నేషన్' పత్రికలో వ్రాసిన ప్రసిద్ధ వ్యాసంలో చెప్పుకొన్నాడు. తెల్లవారు మెచ్చినా మెచ్చకున్నా, తమవారు మెచ్చినా మెచ్చకున్నా, నల్లజాతి కళాకారుడు జంకు లేకుండా తన జనాన్ని చిత్రించాలన్నది ఆ వ్యాసం సారాంశం. పరిచయవ్యాసంలో ఈ రెండు వాదాలూ, ఎవరు ఎప్పుడు అన్నారో చెప్పి, పక్కపక్కన నిలపాలి. తీర్పు మనది కాదు.

అతని రాజకీయాల విషయమూ ఇంతే. 1932లో ఇరవైమందికి పైగా ఉన్న ఒక నల్లజాతి బృందంతో చలనచిత్రం కోసం సోవియట్ దేశం వెళ్ళాడు. చిత్రం తయారు కాలేదు. అతడు మాత్రం మధ్య ఆసియాలో మాసాల తరబడి తిరిగి, తాష్కెంట్, బుఖారా, సమర్ఖండ్ ప్రాంతాల పత్తిరైతుల జీవితాన్ని, అమెరికా దక్షిణ రాష్ట్రాల పత్తిచేలలోని నల్లవారి జీవితంతో పోల్చి 1934లో ఒక చిన్న పుస్తకం ప్రకటించాడు. 1937లో అంతర్యుద్ధం జరుగుతున్న స్పెయిన్ నుండి పత్రికావిలేఖరిగా వార్తలు పంపాడు. 1953 మార్చిలో సెనేటర్ మెకార్తీ ఉపసంఘం ముందు హాజరై, తన పూర్వభావాలు మారాయని చెప్పవలసి వచ్చింది. 1959లో తానే ఏర్చికూర్చిన కవితల సంపుటిలో ముప్పయ్యవ దశకపు తీవ్రకవితలను చాలవరకు విడిచిపెట్టాడు. ఒక వ్యాసం 1932తో ఆగిపోతే విప్లవకవి కనిపిస్తాడు. మరొకటి 1953తో మొదలైతే భయస్థుడు కనిపిస్తాడు. ఈ సంవత్సరాలన్నీ వరుసగా ఉన్నచోట మనిషి కనిపిస్తాడు.

తెలుగు చేసేటప్పుడు

తెలుగులో వ్రాసేవారికి ప్రత్యేకంగా మూడు హెచ్చరికలు.

మొదటిది, పేరు. ఉచ్చారణను బట్టి 'హ్యూజ్' అనడం సమంజసం. 'హ్యూస్' అని వ్రాసేవారూ కలరు. ఏ రూపం గ్రహించినా వ్యాసమంతటా దానినే పాటించి, రెండవ రూపాన్ని ఒకచోట పేర్కొనాలి.

రెండవది, జాతివాచకం. హ్యూస్ కాలంలో 'నీగ్రో' అన్నది వాడుకమాట, అతని రచనల శీర్షికలలోనూ కలదు. శీర్షికను మార్చే హక్కు మనకు లేదు. కాని మన స్వంత వాక్యాలలో ఆ మాట వాడరాదు. నేడు ఆ ప్రజలు దానిని అంగీకరించడం లేదు. ఏ జనాన్నైనా వారు కోరుకొన్న పేరుతో పిలవడం సభ్యత.

మూడవది, అనువాదం. ఆంగ్ల వాక్యాన్ని పదానికి పదం దించితే తెలుగు చదవరాదు, అర్థమూ నిలవదు. విషయాన్ని ఆకళించుకొని, పుస్తకం మూసి, మన మాటలలో వ్రాసి, మరల పుస్తకం తెరిచి తేదీలు సరిచూచుకోవాలి.

ముగింపు

విద్యార్థులారా! అమెరికాలో ఎప్పుడో గతించిన కవికి ఒక సంవత్సరం అటైతే నేమి, ఇటైతే నేమి అని మీరు అనవచ్చును. మన హాజరుపట్టీ ఒకసారి చూడండి. జూన్ 1న, జూలై 1న పుట్టినవారు అందులో ఎంతమంది! మీ తాతలలో, తల్లులలో, బడిలో చేర్చుకొన్న అయ్యవారు వేసిన తేదీనే జీవితాంతం మోసినవారు ఎందరో ఉన్నారు. మా అమ్మకు తన పుట్టుక ఏ రమజానుకు ముందో తెలుసును గాని ఏ సంవత్సరమో తెలియదు. హ్యూస్ తల్లికీ, మా అమ్మకూ నడుమ ఉన్నది సముద్రమే గాని పెద్ద వ్యత్యాసం కాదు.

హ్యూస్‌కు పోయిన సంవత్సరాన్ని తిరిగి ఇచ్చినది ఏ ప్రభుత్వ కార్యాలయమూ కాదు. తమవారి కబుర్లు తాము అచ్చువేసుకొన్న ఒక చిన్న పత్రిక, దాని సంచికలను పారవేయక దాచినవారు, వాటిని ఓపికగా చదివిన ఒక అధ్యాపకుడు ఆ పని చేశారు. మీ చేతిలోని ఈ వార్షిక సంచిక కూడా అటువంటి చిన్న పత్రికయే. ఇందులో వక్తృత్వపు పోటీలో బహుమతి పొందిన విద్యార్థిని పేరు ఉన్నది, ముషాయిరాలో చదివినవారి పేర్లు ఉన్నవి. వీరిలో రేపు ఎవరు ఏమవుతారో మనకు తెలియదు. కనుక పేర్లు పూర్తిగా వ్రాయండి. ఊరు, తేదీ, సంవత్సరం తప్పక వేయండి. ఛాయాచిత్రం క్రింద ఎవరెవరు ఉన్నారో వరుసగా పేర్కొనండి.

కళాశాల పాలకమండలి పెద్దలకు నా విన్నపం ఒక్కటే. ఇంతవరకు వెలువడిన వార్షిక సంచికలను, ఉర్దూ విభాగాన్నీ తెలుగు విభాగాన్నీ వేరుచేయకుండా, ఏటికేడు కట్టించి గ్రంథాలయంలో భద్రపరచండి. ఎప్పుడో, ఎవరో, ఒక్క సంవత్సరం కోసం వెదుక్కొంటూ వస్తారు. వారికి ఆ పుట దొరకాలి.